జుట్టు కుదురు వినే మాట
(మన గుడి ఆరోగ్య అవగాహన ఆదివారం నాడు ఇచ్చిన ప్రసంగ పాఠం)

 

మీరంతా నన్ను మైకు సరిచేస్తూనో, లైవ్ ప్రసారం కెమెరా దగ్గర నిలబడో చూస్తుంటారు. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఇంట్లో అవసరం పడి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఏ మందు వాడాలో చెప్పడానికి రాలేదు, అది మీ డాక్టరుగారి పని. జుట్టు ఎందుకు రాలుతుందో ఈ ఎనభై ఏళ్ళలో శాస్త్రవేత్తలు ఏం కనుక్కున్నారో, అది తెలిస్తే మనం ఇంట్లో మాట్లాడే తీరు ఎందుకు మారాలో చెబుతాను.

తిరుమల స్థలపురాణం మనందరికీ తెలిసిందే. పుట్టలో ఉన్న స్వామికి పాలధార పోస్తున్న ఆవు మీదికి పశువుల కాపరి గొడ్డలి విసిరితే, ఆ దెబ్బ స్వామి తలకి తగిలింది. తగిలిన చోట జుట్టు పోయింది. అది చూసిన గంధర్వ కన్య నీలాదేవి తన జుట్టు తీసి అక్కడ పెట్టింది. మనం ఇచ్చే తలనీలాలు ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడంటారు. ఏడు కొండల్లో నీలాద్రి పేరు ఆమెదే.

ఈ కథలో రెండు రకాలుగా జుట్టు పోవడం కనిపిస్తుంది. కల్యాణకట్టలో గుండు చేయించుకుంటే కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది. గాయమై మచ్చ పడిన చోట రాదు. ఎందుకంటే జుట్టుకి ప్రాణం పైన కనిపించే వెంట్రుకలో లేదు, చర్మం కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురులో ఉంది. మంగలి కత్తి కుదురుదాకా వెళ్ళదు. పిల్లలకి గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనేది కూడా ఇందుకే నిజం కాదు. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, ఒత్తుగా అనిపిస్తుంది, అంతే. పుట్టువెంట్రుకలు మొక్కు కోసం తీయిద్దాం, ఒత్తు కోసం కాదు.

మన తల మీద దాదాపు లక్ష కుదుళ్ళున్నాయి. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్ళు జుట్టు పెంచుతుంది, రెండు మూడు వారాల్లో పని ఆపేస్తుంది, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని పాత వెంట్రుకని వదిలేసి మళ్ళీ మొదలుపెడుతుంది. అందుకే రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే.

ఈ మూడు నెలల లెక్క గుర్తుంటే మనవాళ్ళ పెద్ద అనుమానం ఒకటి తీరిపోతుంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు రెండు మూడు నెలలు గడిచేసరికి "అమెరికా నీళ్ళు పడలేదు, జుట్టంతా ఊడిపోతోంది" అని ఇంటికి ఫోను చేస్తారు. ఇవాళ రాలుతున్న వెంట్రుక విశ్రాంతిలోకి వెళ్ళింది ఇవాళ కాదు, రెండు మూడు నెలల కిందట. అప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. వీసా హడావిడి, నిద్రలేమి, తిండి మారడం, బయల్దేరే ముందు వచ్చిన డెంగ్యూనో టైఫాయిడో. ప్రసవమైన మూడు నెలలకి తల్లులకి జుట్టు రాలేది కూడా ఇలాగే. కుదురు చనిపోదు కాబట్టి చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది. తగ్గకపోతే ఐరన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో కుదురుకి ఎవరు చెబుతారు? రక్తంలో హార్మోన్లు తిరుగుతుంటాయి. అవి కబుర్లలాంటివి. ఆ కబురు అందుకోవడానికి కణంలో ఒక ప్రోటీన్ ఉంటుంది. దాన్నే రిసెప్టర్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని ఉంటుంది. తాళంచెవి హార్మోను అయితే తాళం రిసెప్టర్. తాళం లేని తలుపుకి చెవితో పని లేదు.

మన గుడి సంగతే తీసుకోండి. "రేపు అన్నదానం ఉంది" అని వాట్సాప్‌లో ఒకటే సందేశం వెళుతుంది. వంటశాల వాళ్ళు గిన్నెలు దించుతారు, పార్కింగ్ వాళ్ళు కోన్లు బయటపెడతారు. ఆ గ్రూపులో లేనివాళ్ళు ఇంట్లోనే ఉంటారు. సందేశం ఒకటే, పని వేరు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను విషయంలోనూ ఇంతే. గడ్డం కుదుళ్ళు ఆ కబురు విని వెంట్రుకని మందంగా పెంచుతాయి. నడినెత్తి కుదుళ్ళు అదే కబురు విని కుంచించుకుపోతాయి. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోవు. బట్టతల వచ్చినవారికి కూడా చుట్టూ అంచు మిగిలేది అందుకే.

ఇది ఎలా తెలిసింది? 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యుక్తవయసుకి ముందే వృషణాలు కోల్పోయినవారిని గమనించి, వాళ్ళకి బట్టతల రాలేదని చూపించాడు. వాళ్ళకి టెస్టోస్టెరాన్ ఇచ్చినప్పుడు కుటుంబంలో బట్టతల ఉన్నవారికి వచ్చింది, లేనివారికి రాలేదు. అంటే హార్మోను ఉండాలి, అది ఒక్కటే చాలదు. దాన్ని వినే కుదురూ ఉండాలి.

1959లో న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్‌రైక్ దీన్నే ఇంకో దారిలో రుజువు చేశాడు. తల వెనక నుంచి కుదుళ్ళతో సహా చర్మం ముక్కలు తీసి బట్టతల మీద నాటితే, ఆ జుట్టు అక్కడ కూడా వెనక ఉన్నట్టే పెరిగింది. అదే మనిషి, అదే రక్తం, అదే హార్మోను. చోటు మారినా కుదురు స్వభావం మారలేదు. ఇవాళ హైదరాబాదులో, అమెరికాలో జరిగే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తున్నాయి. నీలాదేవి జుట్టు ఇచ్చింది, వీళ్ళు కుదురునే మార్చి నాటుతున్నారు.

మూడో ఆధారం డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో దొరికింది. అక్కడ కొన్ని కుటుంబాల్లో టెస్టోస్టెరాన్‌ని డీహెచ్‌టీ అనే మరింత శక్తిమంతమైన రూపంలోకి మార్చే ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయదు. జూలియన్ ఇంపరాటో మెగిన్లీ బృందం 1974లో వాళ్ళ గురించి ప్రచురించింది. ఆ మగవాళ్ళకి బట్టతల లేదు, ప్రోస్టేట్ చిన్నది. డీహెచ్‌టీ, టెస్టోస్టెరాన్ రెండూ ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ఒకే తాళంలో పడతాయి. కానీ డీహెచ్‌టీ గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఆ రిసెప్టర్ కణం కేంద్రకంలోకి వెళ్ళి జన్యువుల్ని తట్టిలేపుతుంది. నడినెత్తి కుదురులో దాని ఫలితం ఏమిటంటే, పెరిగే కాలం తగ్గుతుంది, వెంట్రుక ప్రతి విడతా సన్నబడుతుంది.

ఆ ఎంజైమ్‌ని ఆపేలా మెర్క్ కంపెనీ తయారు చేసిన మందే ఫినాస్టరైడ్. 1992లో ప్రోస్టేట్‌కి 5 మిల్లీగ్రాములు, 1997 డిసెంబరులో బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా ఎఫ్‌డీఏ ఆమోదించింది. 2006లో మెర్క్ పేటెంటు ముగిసినప్పుడు ఆ 5 మిల్లీగ్రాముల మాత్రని జెనరిక్‌గా ఈ దేశంలో అమ్మింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్.

మరి ఇది ఎవరి వైపు నుంచి వస్తుంది? "మేనమామ పోలిక" అంటారు మనవాళ్ళు. అందులో సగం నిజముంది. ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగపిల్లవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కానీ తల్లికి రెండు ఎక్స్‌లుంటాయి, మేనమామకి వచ్చిందే మేనల్లుడికి రావాలని లేదు. పైగా మిగతా క్రోమోజోమ్‌ల మీద కూడా బట్టతలకి సంబంధించిన చోట్లు చాలా దొరికాయి, అవి తండ్రి నుంచీ వస్తాయి. కాబట్టి "మీ వాళ్ళ వల్లే" అనే వాదన ఏ ఇంట్లోనూ పూర్తిగా నెగ్గదు.

మందుల గురించి గుడి సభ్యులుగా మనకి పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను. ఇండియా నుంచి వచ్చేవారి సూట్‌కేసుల్లో ఫినాస్టరైడ్ అట్టలు తెప్పించుకునేవారు మనలో ఉన్నారు. దాన్ని డాక్టరు తెలిసే వాడాలి. లైంగిక సమస్యలు, మనసు కుంగడం దుష్ప్రభావాలుగా నమోదయ్యాయి. మందు ఆపాక కూడా కొనసాగిన లైంగిక సమస్యల గురించి 2012లో ఎఫ్‌డీఏ లేబుల్ మార్పించింది. రెండోది, గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు విరిగిన లేదా పొడిచేసిన మాత్ర ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదలకి ప్రమాదం. మూడోది పెద్దలకి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష అంకెని ఈ మందు దాదాపు సగానికి తగ్గిస్తుంది. వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పకపోతే ఎక్కువ ఉన్నది మామూలుగా కనిపిస్తుంది. నాలుగోది మన రక్తదాన శిబిరానికి సంబంధించింది. చివరి ఫినాస్టరైడ్ మాత్ర వేసుకున్నాక నెల రోజులు రక్తం ఇవ్వకూడదని అమెరికన్ రెడ్‌క్రాస్ నియమం. ఆ రక్తం ఏ గర్భిణికి వెళుతుందో మనకి తెలియదు కదా.

మినాక్సిడిల్ దారి వేరు. అది రక్తపోటు మాత్రగా మొదలైంది. వాడినవారికి ఒళ్ళంతా వెంట్రుకలు పెరగడం చూసి తలకి రాసే మందుగా మార్చారు, 1988లో ఆమోదం వచ్చింది. అది ఆండ్రోజెన్ రిసెప్టర్ జోలికి పోదు, పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది. అందుకే ఆపితే లాభం పోతుంది. ఆడవారికి పాపిడి వెడల్పయ్యే రకంలో డాక్టర్లు కొన్నిసార్లు స్పైరోనోలాక్టోన్ ఇస్తారు. అది ఆ రిసెప్టర్‌కే అడ్డుపడే మందు, గర్భం ఉన్నప్పుడు వాడకూడదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది పేనుకొరుకుడు గురించి. ఇంగ్లీషులో అలోపేసియా ఏరియేటా. నాణెమంత గుండ్రంగా జుట్టు ఊడి, చర్మం నున్నగా కనిపిస్తుంది. కొందరికి తలంతా, కనుబొమ్మలు, రెప్పలు కూడా పోతాయి. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మన భాషలో దానికి పెట్టిన పేరే పేను కొరికిందని చెబుతుంది. పేనుకి, పురుగుకి, శుభ్రతకి, పాపపుణ్యాలకి దీనితో ఏ సంబంధమూ లేదు. అంటుకోదు.

మా చెల్లెలికి పద్నాలుగో ఏట వచ్చింది. మా ఊళ్ళో ఉల్లిపాయ రుద్దారు, వెల్లుల్లి రుద్దారు, చివరికి గురివింద గింజ అరగదీసి రాశారు. చర్మం కందిపోయి పుండయింది. గురివింద గింజలో ఉన్నది విషం, పిల్లల చేతికి అందేచోట కూడా ఉంచకూడదు. రెండేళ్ళకి జుట్టు దానంతటదే వచ్చింది, మచ్చలు తక్కువగా ఉన్నప్పుడు చాలామందికి అలాగే వస్తుంది. కానీ ఆ రెండేళ్ళు అది ఏ పెళ్ళికీ, ఏ గుడికీ రాలేదు. చుట్టాలు దాని ముందే "పెళ్ళెలా చేస్తారు?" అని మా అమ్మని అడిగేవారు. ఊడిన జుట్టు కంటే ఆ మాటలకే అది ఎక్కువ ఏడ్చింది.

మరి జరిగేదేమిటి? కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏంజెలా క్రిస్టియానో అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆమెకే ఈ జబ్బు వచ్చింది. 2010లో ఆమె బృందం రోగుల జన్యువుల్ని పరిశీలించి ఒక ఆధారం పట్టుకుంది. కష్టంలో ఉన్న కణం తన పైన ఒక జెండా ఎగరేస్తుంది. ఆ జెండాని గుర్తుపట్టే రిసెప్టర్ పేరు ఎన్‌కేజీ2డీ, అది రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల మీద ఉంటుంది. పేనుకొరుకుడులో కుదుళ్ళ మీద ఆ జెండాలు ఎక్కువ. కాపలాదారు ఇంటివాణ్ణే దొంగనుకుని కొట్టినట్టు, టి కణాలు కుదురు మీద పడతాయి. అవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురు వదులుతాయి. కుదురు రిసెప్టర్ దాన్ని అందుకుని ఐఎల్-15 అనే ఇంకో కబురు పంపుతుంది. అది టి కణాల రిసెప్టర్లకి తగిలి వాటిని ఇంకా రెచ్చగొడుతుంది. మా ప్రోగ్రామర్ల భాషలో ఇది ఆగని లూప్.

ఆ రెండు రిసెప్టర్లకీ కణం లోపల ఒకే రకం తీగ ఉంది. దాని పేరు జాక్. ఆ తీగ తెంపితే లూప్ ఆగుతుందని 2014లో ఆ బృందమే చూపించింది. 2022 జూన్‌లో బారిసిటినిబ్‌ని తీవ్రమైన పేనుకొరుకుడు ఉన్న పెద్దవాళ్ళకి ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఈ జబ్బుకి ఆమోదం పొందిన మొదటి మాత్ర అదే. 2023 జూన్‌లో రిట్లెసిటినిబ్ 12 ఏళ్ళు నిండిన పిల్లలకి కూడా వచ్చింది. 2024 జూలైలో డ్యూరుక్సోలిటినిబ్ వచ్చింది.

ఇవి మహిమలు కావు. బారిసిటినిబ్ పెద్ద మోతాదు తీసుకున్నవారిలో మూడోవంతు మందికి తొమ్మిది నెలల్లో తల మీద ఎనభై శాతం జుట్టు వచ్చింది. ఆపితే చాలామందికి మళ్ళీ రాలుతుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కాబట్టి ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం వంటి తీవ్ర హెచ్చరికలున్నాయి. మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష చేస్తారు. ఇండియాలో పెరిగినవాళ్ళం, చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే దాచకుండా చెప్పాలి. ఇండియా ప్రయాణానికి టీకాలు వేయించుకునే ముందు కూడా ఆ డాక్టరుని అడగాలి.

రిసెప్టర్ ఎంత ముఖ్యమో చెప్పే ఒక చిన్న విషయం. విటమిన్ డి తక్కువైన పిల్లలకి రికెట్స్ వస్తుంది, ఎముకలు వంగుతాయి, కానీ తల బోడి కాదు. విటమిన్ డి రిసెప్టరే పుట్టుకతో చెడిపోయిన పిల్లల్లో చాలామందికి ఎముకలతో పాటు జుట్టంతా పోతుంది. జుట్టుకి ఆ విటమిన్ కంటే దాని రిసెప్టరే కీలకమన్నమాట. 2008లో పీ2వై5 అనే ఇంకో రిసెప్టర్ కూడా బయటపడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడిన నకళ్ళు వస్తే బిడ్డకి చిన్నప్పటి నుంచే జుట్టు ఉన్నిలా, పలచగా ఉంటుంది. రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళున్న కుటుంబాల్లో ఇలాంటివి కనిపిస్తాయి. మన మేనరికాల గురించి ఆలోచించాల్సిన కారణాల్లో ఇదీ ఒకటి.

కాస్ట్‌కోలో డబ్బాలకి డబ్బాలు కొనే బయోటిన్ గురించి కూడా ఒక మాట. బయోటిన్ లోపం అరుదు. ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తపరీక్షల ఫలితాల్ని తప్పుగా చూపిస్తుందని 2017లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గుండెపోటు గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉంది. వాడుతుంటే పరీక్షకి ముందే చెప్పండి.

ఇంటికి వెళ్ళాక చేయవలసినవి మూడే. పిల్లల తలలో మచ్చ కనిపిస్తే నెలలు ఆగకుండా చర్మవైద్యులకి చూపించండి. అది పేనుకొరుకుడు కావచ్చు, తామర కావచ్చు. తామర అంటుకుంటుంది, దానికి మాత్రలు వేరు. చూసి చెప్పాల్సింది డాక్టరే, యూట్యూబ్ కాదు. రెండోది, తలనూనె పెట్టండి, తల దువ్వండి, అందులో ప్రేమ ఉంది. నూనె వెంట్రుకని మెత్తగా ఉంచుతుంది, రిసెప్టర్‌ని మార్చదు. కాబట్టి "నేను చెప్పినట్టు నూనె రాసుకుంటే ఇలా అయ్యేదా?" అని పిల్లల్ని తప్పుపట్టకండి.

మూడోది మన గుడికి. 2020 జనవరిలో మసాచుసెట్స్ కాంగ్రెస్ సభ్యురాలు అయానా ప్రెస్లీ తన బోడితలని వీడియోలో చూపించి తనకి అలోపేసియా ఉందని చెప్పారు. అలా చెప్పడానికి ఆమెకి ఎంతో ధైర్యం కావలసి వచ్చింది. మన గుడికి రావడానికి ఏ ఆడపిల్లకీ అంత ధైర్యం అవసరం పడకూడదు. గుండుతో వచ్చినవారిని చూసి "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని ఎంత ఆదరంగా పలకరిస్తామో మనకి తెలుసు. టోపీ పెట్టుకుని వచ్చిన పిల్లనీ అంతే ఆదరంగా చూద్దాం. జుట్టు సంగతి ఎత్తకుండా, "ఏమ్మా, బడి ఎలా ఉంది? రా, ప్రసాదం తీసుకో" అందాం.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. ఓం నమో వేంకటేశాయ.